కంట్లో ఆయిల్ వేశారా? తీసే దాకా, తీశాక కూడా చూసుకోవాల్సినవి

రెటీనా ఊడిందని వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకొచ్చినవాళ్లలో చాలామందికి కంట్లో ఏదో వేశారని మాత్రమే తెలుసు. అది గ్యాసా, ఆయిలా, ఎన్నాళ్లుంటుంది, ఎప్పుడు తీయాలి అని అడిగితే చీటీలు వెతుక్కుంటారు. పొర అతుక్కుందని డాక్టర్ చెప్పగానే సగం టెన్షన్ పోతుంది, అది సహజమే. కానీ సిలికాన్ ఆయిల్ వేసిన కంటికి ఆపరేషన్ ఆ రోజుతో అయిపోదు. ఆయిల్ తీసిన రోజే ఆ ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క. మా బాపు కంట్లో ఆయిల్ ఉన్నన్నాళ్లు డాక్టర్లను అడిగి రాసుకున్నవి, తర్వాత చదివి తెలుసుకున్నవి ఇక్కడ వరుసగా పెడుతున్నాను. చికిత్స విషయంలో మీ డాక్టర్ మాటే ఫైనల్. ఆ డాక్టర్‌ను ఏం అడగాలో తెలియాలనే ఇది రాస్తున్నాను.

1. ముందు కంట్లో ఏం వేశారో కనుక్కోండి

కంటి లోపల వెనక గోడకు ఆనుకుని ఉండే పలుచటి పొర రెటీనా. దానికి చిరుగు పడి, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే గోడ నుంచి ఊడి వస్తుంది. షుగర్ ముదిరినవాళ్లలో చిరుగు లేకున్నా, లోపల కొత్తగా పెరిగిన పొరలే రెటీనాను లాగేస్తాయి. ఆపరేషన్‌లో కంటి మధ్యలోని జిగురు పదార్థాన్ని తీసేసి, రెటీనాను మళ్లీ గోడకు ఆనించి, చిరుగు చుట్టూ లేజర్ వేస్తారు. ఆ లేజర్ మచ్చ గట్టిపడే దాకా రెటీనాను లోపలి నుంచి అదిమి పట్టేది ఒకటి కావాలి. గ్యాసో, ఆయిలో నింపేది అందుకే.

గ్యాస్ అయితే దానంతట అదే కరిగిపోతుంది. ఉత్త గాలి వారంలోపు, ఎస్ఎఫ్6 సుమారు రెండు వారాల్లో, సీ3ఎఫ్8 ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పోతుంది. ఆయిల్ అలా కాదు. దాన్ని ఒళ్లు పీల్చుకోదు, కరిగించదు. ఎన్నేళ్లయినా, డాక్టర్ మళ్లీ ఆపరేషన్ చేసి తీస్తే తప్ప అది కంట్లోనే ఉంటుంది. అమెరికాలో పాల్ సిబిస్ అనే డాక్టర్ 1962లో ఊడిన రెటీనాకు దీన్ని వాడిన వివరాలు ప్రకటించారు. అప్పటి నుంచి ఎన్నో పాడైన కళ్లను ఇది నిలబెట్టింది. కాబట్టి ఆయిల్ వేశారని భయపడకండి. ఎక్కువ కాలం వదిలేయడంతోనే ఇబ్బంది.

మూడోది ఇంకొకటుంది, బరువైన ద్రవం. నీళ్లకన్నా దాదాపు రెండింతల బరువుండే పెర్‌ఫ్లోరోకార్బన్‌ను ఆపరేషన్ జరిగేటప్పుడు రెటీనాను చదును చేయడానికి పోస్తారు. మామూలుగా ఆపరేషన్ ముగిసేలోపే తీసేస్తారు. ఒక్కోసారి చిన్న బుడగ మిగిలిపోతుంది. దాని సంగతి ముందుముందు చెబుతాను.

2. డిశ్చార్జ్ రోజే కాగితం మీద రాయించుకోండి

డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే ఇవి ఉన్నాయో లేదో చూడండి: ఏ కన్ను, ఆపరేషన్ తేదీ, ఏం నింపారు, ఆయిల్ అయితే ఎన్ని సెంటీస్టోక్స్‌ది (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే కొలత), కంట్లో సొంత లెన్స్ ఉందా, పెట్టిన లెన్స్ ఉందా, అసలు లెన్సే లేదా, ఆయిల్ ఎప్పుడు తీయాలి. చివరిది చాలా సమ్మరీల్లో ఉండదు. "రివ్యూకు రండి" అని మాత్రమే ఉంటుంది. మొహమాటపడకుండా అడిగి, ఏ నెలలో తీయాల్సి రావచ్చో పెన్నుతో రాయించుకోండి. ఇంట్లో క్యాలెండర్ మీద ఆ నెలను గుండ్రంగా గీసి పెట్టండి.

వాడిన ద్రవం, ఆయిల్ డబ్బాల మీద బ్యాచ్ నంబరున్న స్టిక్కర్ ఉంటుంది. అది కేస్ షీట్‌లో అంటించి ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. 2015లో స్పెయిన్‌లో ఒక రకం పెర్‌ఫ్లోరో ఆక్టేన్ (పైన చెప్పిన బరువైన ద్రవాల్లో ఒకటి) బ్యాచ్‌లు కల్తీవని తేలింది. అప్పటికే చాలామంది చూపు పోయింది. అలాంటప్పుడు మన కంట్లో వేసింది ఏ బ్యాచో చెప్పగలిగేది ఆ స్టిక్కర్ ఒక్కటే.

3. గ్యాస్ వేసి ఉంటే

బోర్లా పడుకోమన్నా, పక్కకు పడుకోమన్నా చెప్పినన్ని రోజులు చెప్పినట్టే ఉండండి. మొదట్లో ఏమీ కనపడదు. బుడగ తగ్గేకొద్దీ చూపులో అడ్డంగా ఒక గీత కదులుతూ కనపడుతుంది, రోజురోజుకు అది కిందికి దిగుతుంది. గ్యాస్ కరుగుతున్నదనడానికి అదే గుర్తు.

గ్యాస్ ఉన్నన్నాళ్లు రెండు పనులు చేయనే కూడదు. ఒకటి ఎత్తుకు పోవడం. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి కంట్లో బుడగ ఉబ్బుతుంది, కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి చూపే పోవచ్చు. విమానం ఎక్కొద్దని అందరూ చెబుతారు. మనవాళ్లు మరిచేది తిరుమల. ఆపరేషన్ బాగా జరిగితే కొండకొస్తామని మొక్కుకుంటారు, కట్టు విప్పగానే బయల్దేరతారు. తిరుపతి నుంచి కొండ మీదికి సుమారు 700 మీటర్ల ఎత్తు, బస్సులో గంటలోపే ఎక్కేస్తాం. గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టర్ చెప్పాకే పోండి, మొక్కు ఎక్కడికీ పోదు. వరంగల్ నుంచి హైదరాబాద్ రివ్యూకు పోవడంలోనూ కొంచెం ఎక్కడం ఉంది, వరంగల్ సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంటే హైదరాబాద్ 500 దాటి ఉంటుంది. దీనితో మామూలుగా ఇబ్బంది రాదు. అయినా మీ ఊరు ఎక్కడో డాక్టర్‌కు ముందే చెప్పి పెట్టండి.

రెండోది నైట్రస్ ఆక్సైడ్ మత్తు. గ్యాస్ ఉన్న కంట్లోకి అది చేరితే బుడగ నిమిషాల్లో పెరుగుతుంది. కాలు విరిగిందని ఎమర్జెన్సీగా థియేటర్‌కు తీసుకుపోయినా సరే, "కంట్లో గ్యాస్ ఉంది" అనేదే మత్తు డాక్టర్ వినే మొదటి మాట కావాలి. కొన్ని దవాఖానల్లో చేతికి బ్యాండ్ కడతారు. గ్యాస్ పోయే దాకా దాన్ని తీయొద్దు.

4. ఆయిల్ ఉంటే ఇంట్లో ఎలా ఉండాలి

ఆయిల్ నీళ్లకన్నా కాస్త తేలిక, అందుకే పైకి తేలుతుంది. వెల్లకిలా పడుకుంటే రెటీనాను వదిలి ముందుకు, లెన్స్ మీదికి, కంటి పాప వైపు వస్తుంది. అందుకే చాలాసేపు వెల్లకిలా పడుకోవద్దంటారు. లెన్స్ లేని కంట్లో ఇది మరీ ముఖ్యం, ఆయిల్‌కు అడ్డుగోడే ఉండదు మరి. అలాంటి కంట్లో డాక్టర్లు నల్లగుడ్డు కింది భాగాన చిన్న రంధ్రం చేస్తారు. అద్దంలో చూసుకుని ఇదేదో దెబ్బ అని కంగారు పడకండి. నీరు ముందుకు పారి ఆయిల్‌ను వెనక్కి నెట్టే దారి అది.

కొత్త అద్దాలకు తొందరపడొద్దు. సొంత లెన్స్ ఉన్న కంట్లో ఆయిల్ ఉంటే నంబర్ ప్లస్ వైపు అయిదారు దాకా మారుతుంది. ఆయిల్ తీయగానే మళ్లీ మారుతుంది. మధ్యలో ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు చేయిస్తే ఆ డబ్బు వృథా. రెండో కన్ను కూడా సరిగా లేక పని ఆగిపోతుంటే, చవకలో ఒక జత చేయించుకుంటే చాలు.

చుక్కల మందు గురించి గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలను వారం వారం తగ్గిస్తూ ఆపేయాలి. మన దగ్గర చాలామంది పాత చీటీ మెడికల్ షాపులో చూపించి మళ్లీ మళ్లీ తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంటారు, కన్ను కొంచెం ఎర్రబడితే చాలు. స్టెరాయిడ్ కొందరిలో కంటి ప్రెషర్ పెంచుతుంది. ఆయిల్ కూడా పెంచుతుంది. రెండూ కలిస్తే కంటి నరానికి పెద్ద ప్రమాదం. చీటీలో ఎన్ని వారాలని రాశారో అంతే వాడండి.

మిర్చి దుమ్ము, పత్తి దుమ్ము, పొలంలో మందు పిచికారీ మొదటి వారాల్లో పూర్తిగా మానాలి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య పనిచేసేవాళ్లు డాక్టర్‌ను ప్రత్యేకంగా అడిగాకే తిరిగి పనిలో చేరండి.

5. ప్రెషర్ చూపించుకోవడం: అన్నిటికన్నా పెద్ద పని ఇదే

ఆయిల్ కంట్లో ఏం చేస్తుందో తెలిస్తే రివ్యూ ఎగ్గొట్టబుద్ధి కాదు. వేసినప్పుడు అదంతా ఒకే పెద్ద బుడగ. కన్ను కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది. నెలలు గడిచేకొద్దీ అంచుల్లో చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, పప్పుచారు మీద నూనె చుక్కలు విడిపోయినట్టు. ఈ సన్నటి చుక్కలు కంటి ముందుభాగంలోకి వచ్చి, కంట్లో నీరు బయటికి పోయే సన్నటి జల్లెడలో ఇరుక్కుంటాయి. నీరు పోయే దారి మూసుకుంటే ప్రెషర్ పెరుగుతుంది, అది కంటి నరాన్ని దెబ్బతీస్తే గ్లకోమా. ఒక్కోసారి ఆయిల్ తీసేసినా ఈ ప్రెషర్ తగ్గదు, జల్లెడ అప్పటికే పాడై ఉంటుంది. 1000 సెంటీస్టోక్స్ ఆయిల్ పలుచన, 5000ది చిక్కన. చిక్కటిది విడిపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది, అంతేగాని విడిపోదని కాదు.

దీన్ని నేను దగ్గర నుంచి చూశాను. రివ్యూలో డాక్టర్ మా బాపును కిందికి చూడమని, పై రెప్పను వేలితో పైకెత్తి నాకు చూపించారు. నల్లగుడ్డు పై అంచున, ఎప్పుడూ రెప్ప కప్పి ఉంచే చోట, సన్నటి తెల్లటి గీత. దీపం వెలుగు పడితే మెరుస్తున్నది. చీము అయితే కిందికి దిగుతుంది, ఆయిల్ చుక్కలు కాబట్టి పైకి తేలాయి అని చెప్పారు. రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నా ఇంట్లో ఎవరికీ అది కనపడే వీలే లేదు. నొప్పి కూడా లేదు. అందుకే "బాపు మంచిగనే ఉన్నాడు" అనే మాటను నమ్ముకుని రివ్యూ ఆపకండి.

కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ప్రతి రివ్యూలో ఆ అంకె అడిగి, తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కసారి అంకెతో తెలిసేది తక్కువ. 14, 17, 22 అని పైకి పోతుంటే డాక్టర్‌కు ఆ వరుసే అసలు కథ చెబుతుంది. ప్రెషర్ చూపించడానికి ప్రతిసారి హైదరాబాద్ పోనక్కర్లేదు. వరంగల్‌లోని ప్రాంతీయ కంటి దవాఖానలోనో, హన్మకొండలో మీకు దగ్గర్లో ఉన్న కంటి డాక్టర్ దగ్గరో చూపించి, ఆ అంకెను ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్‌లో పంపొచ్చు. ఎన్ని వారాలకోసారి చూపించాలో ఆయన్నే అడగండి.

ప్రెషర్ పెరిగితే చుక్కలతో పాటు డయామాక్స్ బిళ్ల రాయొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నా, సల్ఫా మందులు పడకపోయినా రాసేముందే చెప్పండి. వేళ్లకు తిమ్మిరి వస్తుంది, అది చాలామందికి వచ్చేదే.

ప్రెషర్ ఒక్కటే కాదు. సొంత లెన్స్ ఉన్న కంట్లో ఆయిల్ ఎక్కువ కాలం ఉంటే దాదాపు అందరికీ మోతిబిందు వస్తుంది. ఆయిల్ కంటి ముందు పారదర్శక పొరకు తగులుతూ ఉంటే దాని మీద సున్నం పేరుకుని అడ్డంగా తెల్లటి పట్టీ పడుతుంది. ఇంకొందరిలో రెటీనా చక్కగా అతుక్కునే ఉన్నా, ప్రెషర్ సరిగానే ఉన్నా చూపు తగ్గుతుంది. ఓసీటీ స్కాన్‌లో (కాంతితో రెటీనా పొరలను ఫొటో తీసే పరీక్ష) రెటీనా లోపలి పొరలు పలుచబడి కనపడతాయి. దీనికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ ఆయిల్‌ను అవసరానికి మించి ఉంచొద్దని డాక్టర్లు అనడానికి ఇదీ ఒక కారణం.

6. ఆయిల్ తీసే తేదీని వాయిదా వేయొద్దు

రెటీనా బాగా అతుక్కుని ఉంటే మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆయిల్ తీస్తారు. ముందే తీస్తే మళ్లీ ఊడే భయం, ఆలస్యం చేస్తే పైన చెప్పిన బాధలన్నీ. ఈ రెండింటినీ తూకం వేసి డాక్టర్ తేదీ చెబుతారు.

ఇక్కడే మనవాళ్లు జారిపోతారు. పత్తి ఏరుడు అయ్యాక, మిర్చి అమ్మాక, బిడ్డ పెళ్లి అయ్యాక, మేడారం జాతర అయ్యాక అంటూ ఏడాది దాటిపోతుంది. కన్ను నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ తొందరపెట్టరు. డబ్బు కూడా అసలు కారణమే. మొదటి ఆపరేషన్‌కే అప్పు చేసి ఉంటారు. కాబట్టి ఆరోగ్యశ్రీ కింద మొదటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, డిశ్చార్జ్ రోజే కౌంటర్ దగ్గరున్న ఆరోగ్యమిత్రను ఆయిల్ తీసే ఆపరేషన్‌కు కూడా కార్డు పనిచేస్తుందా, ఏ కాగితాలు కావాలి అని అడిగి రాసుకోండి. సొంత డబ్బుతో చేయించుకునేవాళ్లు మొదటి రోజే రెండు ఆపరేషన్ల ఖర్చూ కలిపి అడగండి. ఇంకో అభిప్రాయం కావాలన్నా, ఖర్చు భారమైనా మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి దవాఖాన, బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి దవాఖాన ఉన్నాయి. సమ్మరీ తీసుకుని పోండి.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా కష్టం. ఆయిల్‌తో విమానం ఎక్కడానికి ఇబ్బంది లేదు, అదే మోసం చేస్తుంది. సెలవు అయిపోయిందని ఎక్కేస్తారు, మళ్లీ వచ్చేసరికి రెండేళ్లు. వీలైతే కంపెనీతో మాట్లాడి సెలవు పొడిగించుకుని ఆయిల్ తీయించుకునే పోండి. తప్పదంటే, అక్కడ ప్రెషర్ ఎక్కడ చూపించాలో, వచ్చి తీయించుకునే నెల ఏదో విమానం ఎక్కేముందే తేల్చుకోండి. ఇంట్లో భార్యకో తమ్ముడికో కూడా ఆ నెల చెప్పి పెట్టండి, వాళ్లు ఫోన్ చేసి గుర్తు చేస్తారు.

7. వేరే డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు

ఇది ఎక్కువమందికి తెలియదు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్ తీస్తారు. కంట్లో ఆయిల్ సీటీలో తెల్లగా, రక్తంలాగే కనపడుతుంది. చాలా అరుదుగా ఆయిల్ కంటి నరం వెంట మెదడు లోపలి నీటిదారుల్లోకి కూడా చేరుతుంది. అక్కడ దాన్ని రక్తస్రావం అనుకునే ప్రమాదం ఉంది. తెలిసిన రేడియాలజిస్ట్ తేడా పట్టగలరు, వెల్లకిలా పడుకోబెట్టి తీసిన స్కాన్‌లో రక్తం కిందికి దిగుతుంది, ఆయిల్ పైకి తేలుతుంది. కానీ ఆయిల్ ఉందని మీరు చెబితేనే వాళ్లకు ఆ ఆలోచన వస్తుంది. ఆధార్ కార్డు వెనక కవర్‌లో ఒక చిన్న చీటీ పెట్టుకోండి: "కుడి కంట్లో సిలికాన్ ఆయిల్ ఉంది, వేసిన తేదీ ఇది". తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాయించండి.

మోతిబిందు ఆపరేషన్ వేరేచోట చేయించుకుంటే కూడా ఇదే మాట ముందు చెప్పాలి. పెట్టబోయే లెన్స్ పవర్ లెక్కకు కంటి పొడవు కొలవాలి. శబ్ద తరంగాలతో కొలిచే పాత మెషిన్‌లో ఆయిల్ ఉన్న కన్ను నిజానికన్నా పొడవుగా వస్తుంది. మామూలు కంట్లో ఆ తరంగం సెకనుకు సుమారు 1,532 మీటర్లు పోతే, ఆయిల్‌లో 980 మీటర్లే పోతుంది. లెక్క తప్పితే లెన్స్ పవర్ తప్పుతుంది. కాంతితో కొలిచే మెషిన్‌లో ఆయిల్‌కు వేరే సెట్టింగ్ ఉంటుంది. దానితో కొలిపించమని అడగండి. సిలికాన్‌తో చేసిన లెన్స్ మాత్రం వద్దు, ఆయిల్ దానికి అతుక్కుని వదలదు. అక్రిలిక్ లెన్స్ పెట్టమని అడగండి.

8. బరువైన ద్రవం మిగిలితే

చూపులో గుండ్రటి బుడగ కదులుతూ కనపడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. ఒకట్రెండు చిన్న బుడగలైతే కొన్నిసార్లు చూస్తూ ఉంటే సరిపోతుంది. కానీ అది రెటీనా కిందికి, సరిగ్గా చూపు కేంద్రం అడుగుకు చేరితే మధ్యలో నల్ల మచ్చ పడుతుంది, అప్పుడు తీయాల్సి రావచ్చు. ఓసీటీలో స్పష్టంగా తెలుస్తుంది.

9. ఎప్పుడు ఆగకుండా పోవాలి

కన్ను బాగా నొప్పి, తలనొప్పి, వాంతులు కలిసి వస్తే ప్రెషర్ పెరిగిందేమో అని అనుమానించాలి. గ్యాస్ట్రిక్ అనుకుని గోళీ వేసుకుని పడుకోవద్దు. ఒక పక్క నుంచి నల్లటి తెర దిగినట్టున్నా, మెరుపులు కనపడినా, ఉన్న చూపు ఒక్కసారిగా తగ్గినా, కన్ను ఎర్రబడి చీము కారినా అదే రోజు పోండి. ఆపరేషన్ చేసిన చోటికి పోవడానికి టైం పడుతుందంటే ముందు వరంగల్‌లో ప్రెషర్ చూపించి, వాళ్లకు ఫోన్ చేయండి.

10. ఆయిల్ తీశాక, లేదా తీయలేమన్నప్పుడు

తీసే ఆపరేషన్ మొదటిదానికన్నా చిన్నది, చాలాచోట్ల అదే రోజు ఇంటికి పంపిస్తారు. కొన్నాళ్లు గుండ్రటి చిన్న చుక్కలు తేలుతూ కనపడొచ్చు, అవి మిగిలిపోయిన ఆయిల్ చుక్కలు. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది మొదటి కొన్ని నెలలే. లోపలి ఆసరా తీసేశారు కాబట్టి కొందరిలో రెటీనా మళ్లీ ఊడుతుంది. రోజూ పొద్దున రెండో కన్ను మూసుకుని, ఆపరేషన్ కంటితో ఎదుటి గోడ మీది క్యాలెండర్ చూడండి, నాలుగు మూలలూ కనపడుతున్నాయా అని. ఒక మూల మాయమైతే ఫోన్ చేయండి. ప్రెషర్ చూపించడం మాత్రం ఆయిల్ తీశాక కూడా ఆపొద్దు.

కొందరికి "ఆయిల్ ఇందులోనే ఉంచేద్దాం" అంటారు. ప్రెషర్ మరీ పడిపోయి కన్ను కుంచించుకుపోతున్నప్పుడు, ఎన్నిసార్లు చేసినా రెటీనా ఊడిపోతున్నప్పుడు, ఆ ఒక్క కంటితోనే బతుకు నడుస్తున్నప్పుడు ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. అలాంటప్పుడు దేన్ని చూసి ఆ నిర్ణయం తీసుకున్నారో అడిగి తెలుసుకోండి. ఆయిల్ బాగా చుక్కలుగా విడిపోతే పాతది తీసి కొత్తది నింపే దారి కూడా ఉంటుంది. వీళ్లకు రివ్యూ జీవితాంతం.

రెండో కంటిని కూడా ఇదే ఊపులో చూపించండి. ఒక కంట్లో రెటీనా ఊడినవాళ్లకు రెండో కంట్లోనూ పలుచబడిన చోట్లు, చిన్న చిరుగులు ఉండే అవకాశం ఎక్కువ. చుక్కలు వేసి పాప పెద్దది చేసి చూస్తారు, ఆ పూట బండి నడపడం కుదరదు కాబట్టి తోడు ఒకరిని తీసుకుపోండి. చిరుగు దొరికితే లేజర్‌తోనే ఆపొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల షుగర్ పరీక్ష రిపోర్టు, బీపీ చీటీ కూడా పట్టుకుపోండి, డాక్టర్ అవి అడుగుతారు.